డిస్కులకు ఉతుకు పరీక్ష

శివరాత్రి వెళ్లిన వారంలో జిల్లా చేనేత సమాఖ్య కార్యాలయంలో ఒక నల్ల పెట్టె పళ్లు కొరకడం మొదలుపెట్టింది. అది డిజైన్ల గదిలో, కిటికీ పక్కన, ఒక పాత బల్ల మీద ఉంటుంది. చూడ్డానికి చిన్న ట్రంకు పెట్టెలా ఉన్నా సమాఖ్య ప్రాణమంతా అందులోనే ఉంది. జిల్లాలోని నేత సంఘాల కంప్యూటర్లన్నీ దానికే తగులుకుని ఉన్నాయి. ఏ సంఘానికి ఏ అంచు కావాలన్నా, ఏ కొంగు కావాలన్నా ఆ పెట్టెలోంచే వెళ్లాలి. వెళ్లిన డిజైను ప్రకారం అక్కడి యంత్రం జకార్డు అట్టలకు చిల్లులు గుద్దుతుంది. ఆ అట్టలు మగ్గం నెత్తినెక్కి పోగులు లేపుతాయి. అప్పుడు చీర అంచులో నెమళ్లూ గవ్వలూ గుర్రపుడెక్కలూ వరస కడతాయి.

ఆ నెమళ్లకీ గవ్వలకీ కాపలాదారు దామర్ల భావనారాయణ. డిజైన్ల విభాగానికి అధికారీ గుమాస్తా అన్నీ అతనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలేసుకుని ఊరూరా తిరిగి, ముసలమ్మల పెట్టెల అడుగున దాగిన పెళ్లినాటి చీరలు బతిమాలి తెచ్చుకుని, భూతద్దం పెట్టి పోగు పోగూ చూసి గీశాడు. కంప్యూటర్ వచ్చాక ఆ గీతలన్నీ మళ్లీ మొదట్నించీ అందులోకి ఎక్కించాడు. ఆ కాగితాలు తర్వాత చెదలు తినేశాయి. ఈలోగా కళ్లజోడు మందమైంది, జుట్టు పలచబడింది, పెట్టెలో అంచులు మాత్రం చెక్కు చెదరలేదు. ఇంక రెండేళ్లలో రిటైరవుతాడు. ఇంత సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోలేదని అతనికి లోలోపల గర్వం. ఈ కథ ఇలా తయారవడానికి ఆ గర్వం కూడా ఒక కారణం.

శబ్దం విని బజార్లోంచి మెకానిక్కుని పిలిపించాడు. అతను పెట్టెకి చెవి ఆనించి విని, లోపల డిస్కు అరిగిపోయిందనీ, ఎప్పుడు ఆగుతుందో తాను చెప్పలేననీ, ఉన్నదంతా తొందరగా ఇంకో చోటికి మార్చుకోమనీ చెప్పి వెళ్లాడు. భావనారాయణ ఆ పూటే పై అధికారికి నోటు రాశాడు. కొత్త పెట్టె ఒకటి కొంటే మన పనికి చాలునని రాసి ఊరుకుంటే సరిపోయేది. విషయం తెలిసినవాడిలా కనపడాలనిపించి ఇంకో వాక్యం చేర్చాడు. ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్‌లో డిస్కులు పెట్టుకోవచ్చనీ, నెట్‌వర్కుకి తగిలించే పెట్టె కొనుక్కోవచ్చనీ, క్లౌడు కంపెనీ దగ్గర చోటు అద్దెకు తీసుకోవచ్చనీ, ఇలా మూడు మార్గాలున్నాయని రాశాడు. ఆ వాక్యం కొంప ముంచింది.

మేనేజింగ్ డైరెక్టర్ ఉమాకాంత్ గారు మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. నేత గురించి తమకేమీ తెలియదని దాచకుండా చెప్పేవారు, అందుకు అందరూ మెచ్చుకునేవారు కూడా. సరిగ్గా ఆ నెలలోనే కొండ మీది చల్లటి ఊళ్లో ‘నిర్ణయ విజ్ఞానం’ అనే శిక్షణ పొంది వచ్చారు. పోల్చకుండా చేసిన నిర్ణయం నిర్ణయమే కాదని అక్కడ చెప్పారట. తిరిగొచ్చిన మర్నాటి నుంచీ ఆయన అన్నిటినీ పోల్చసాగారు. ఆఫీసుకి టీ తెచ్చే హోటలుని ఇంకో రెండు హోటళ్లతో పోల్చి నివేదిక తెప్పించుకున్నారు. ఆ పోల్చడం తెమిలేదాకా ఆఫీసులో ఎవరికీ టీ లేదు. అలాంటి మనిషి బల్ల మీదికి మూడు మార్గాలున్న నోటు వెళ్లి పడింది.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ‘సమాచార నిల్వ సాధనాల సమగ్ర తులనాత్మక అధ్యయన సంఘం’ ఏర్పడింది. అధ్యక్షులు ఎం.డి. గారు. కార్యదర్శి కొనుగోళ్ల సూపరింటెండెంట్ సూరంపూడి దక్షిణామూర్తి గారు. భావనారాయణని ‘విషయ ప్రతిపాదకుడు’ అన్నారు. అంటే అడిగినప్పుడు మాట్లాడాలి, మిగతా వేళ వినాలి.

దక్షిణామూర్తి గారి దగ్గర సమాఖ్య కొనుగోళ్ల నియమావళి ఉంది. సమాఖ్య పుట్టిన రోజుల్లో నూలూ రంగులూ కొనడం కోసం రాసిన పుస్తకం అది. తర్వాత సమాఖ్య కుర్చీలు కొంది, ఫ్యాన్లు కొంది, ఒక జీపు కూడా కొంది, పుస్తకం మాత్రం మారలేదు. దాని ప్రకారం ఏది కొనాలన్నా ముందు శాంపిళ్లు తెప్పించాలి, వాటికి ఉతుకు పరీక్ష, ఎండ పరీక్ష, రాపిడి పరీక్ష, బిగువు పరీక్ష చేయాలి, ఫారంలో మార్కులు వేయాలి. మొదటి సమావేశంలోనే ఆయన ఈ సంగతి బయటపెట్టారు.

ఇది నూలు కోసం రాసిన నియమావళి కదండీ అని భావనారాయణ మెల్లగా అన్నాడు.

“నూలు కోసమని మీరంటున్నారు. పుస్తకం అనట్లేదు,” అన్నారు దక్షిణామూర్తి గారు. “‘సమాఖ్య కొనెడు ఏ వస్తువైనను’ అని ఉంది. డిస్కు వస్తువా, కాదా?”

“వస్తువేనండి.”

“సమాఖ్య కొంటుందా, కొనదా?”

“కొంటుందండి.”

“మరి ఉతకాలి.”

ఎం.డి. గారు ముచ్చటపడ్డారు. మూడింటినీ ఒకే కొలబద్దతో కొలవడమే నిజమైన పోలిక అని కొండ మీద కూడా చెప్పారట. పారదర్శకత కోసం సంఘం చేసే ప్రతి పనినీ వీడియో తీసి, నేత సంఘాలన్నీ చూసేలా నెట్‌వర్కులో పెట్టాలని అక్కడికక్కడే ఆదేశించారు. నెట్‌వర్కులో పెట్టడమంటే భావనారాయణ గదిలో పళ్లు కొరుకుతున్న పెట్టెలో పెట్టడమే. ఆ సంగతి అతను చెప్పబోయాడు గానీ అప్పటికి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఉతుకు పరీక్ష పెరట్లో రంగుల షెడ్డులో జరిగింది. రాగి డేగిసాలో సబ్బునీళ్లు మరుగుతుండగా, డిస్కుల కంపెనీ వాళ్లు పంపిన కొత్త డిస్కుని తెల్ల గుడ్డతో జతచేసి కట్టి అందులో వేశారు. అద్దకం మేస్త్రి కర్రతో తిప్పుతూ నిలబడ్డాడు. ఎం.డి. గారు వీడియో కోసం తామూ కాసేపు తిప్పారు. అరగంట ఉడికాక తీసి, జాడించి, గుడ్డ విప్పి వెలుగులో చూశారు. గుడ్డ తెల్లగానే ఉంది. డిస్కు రంగు దిగలేదు. ఉతుకులో డిస్కుకి పూర్తి మార్కులు పడ్డాయి.

ఇప్పుడు అది పనిచేస్తుందేమో ఒకసారి చూద్దామా అని భావనారాయణ అడిగాడు. ఫారంలో ఆ గడి లేదని దక్షిణామూర్తి గారు చెప్పారు. లేని గడిలో మార్కు వేస్తే ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు, అది నిజమే.

నెట్‌వర్కుకి తగిలించే కొత్త పెట్టె వంతు ఆ తర్వాత వచ్చింది. మొదట నూలు చిలపలు ఆరేసే దండేనికి దాన్ని వేలాడదీసి ఎండబెట్టారు. రోహిణీ కార్తె ఎండ ప్లాస్టిక్కుని కాస్త వంచింది గానీ రంగు వెలవలేదు. తర్వాత బిగువు పరీక్ష. పెట్టెకి రెండు పక్కలా మోకులు కట్టి, అటొకరూ ఇటొకరూ లాగారు. మంచి పోగు లాగితే కొంచెం సాగి, వదిలితే మళ్లీ మొదటికి రావాలి. పెట్టె ఎంత లాగినా సాగలేదు. సాగుగుణం శూన్యమని రాసి మార్కులు తగ్గించారు. పెట్టె అమ్మే కంపెనీ తరఫున వచ్చినాయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. పెట్టె తిరిగి తీసుకెళ్లమంటే వద్దని చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇక క్లౌడు. ఆ కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాతో, చిన్న లాప్‌టాప్‌తో వచ్చి, తమ సరుకు ఇక్కడ ఉండదనీ ఎక్కడో పెద్ద భవనంలో ఉంటుందనీ చెప్పాడు. దక్షిణామూర్తి గారు ఓపిగ్గా విని, అంతా బాగానే ఉంది గానీ ఒక చిలప ఇచ్చి వెళ్లమన్నారు. చిలప అంటే శాంపిలని ఎవరో అర్థం చెప్పాక ఆ మనిషి తేలిగ్గా నవ్వి, నెల రోజులు ఉచితంగా వాడుకోండంటూ ఒక కాగితం మీద ఖాతా పేరూ దాని రహస్యపదమూ రాసిచ్చాడు.

భావనారాయణకి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. నెల అక్కర్లేదు, ఒక్క పూట దొరికితే చాలు, అంచులన్నీ అక్కడికి చేర్చేస్తాడు. తీరా ఆ కాగితం కోసం చెయ్యి చాపేలోగా దక్షిణామూర్తి గారు దాన్ని మడిచి కవర్లో పెట్టి లక్క సీలు వేశారు. పరీక్షకు ముందు శాంపిలు వాడడం నిషిద్ధం. మర్నాడు సీలు తీసి, తెల్ల గుడ్డతో జతచేసి, మరిగే సబ్బునీళ్లలో వేశారు. మేస్త్రి తిప్పాడు. గుడ్డ విప్పి చూస్తే గుడ్డంతా నీలం. కాగితం మీద అక్షరమన్నది మిగల్లేదు.

“క్లౌడు రంగు దిగింది,” అని దక్షిణామూర్తి గారు ఫారంలో రాసుకున్నారు.

ఎం.డి. గారికి మాత్రం క్లౌడు మీద మొదట్నించీ కొంచెం మక్కువ. ఒక్క పరీక్షతో తోసెయ్యడం సమగ్ర దృక్పథం కాదనీ, ఆ భవనాన్ని సంఘం స్వయంగా చూడాలనీ నిర్ణయించారు. అందరూ నగరానికి వెళ్లారు. కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదు. దక్షిణామూర్తి గారు జేబురుమాలు తడిపి బయటి ప్రహరీగోడని గట్టిగా రుద్ది, రాపిడి పరీక్ష సంతృప్తికరమని రాశారు. ఆ రుద్దడాన్ని మూడు వైపుల నుంచి వీడియో తీశారు. వచ్చే దారిలో తీసిన సముద్రం వీడియో కూడా అందులోనే ఉంది.

నాంచారమ్మ సమాఖ్యకి వచ్చింది ఈ గోడ వీడియో పెట్టెలోకి ఎక్కుతున్న రోజునే. ఆమె ఆడవాళ్ల నేత సంఘానికి అధ్యక్షురాలు. తొమ్మిది మగ్గాల సంఘం. వాటిలో ఒకటి ఆమెది, ఇంకొకటి ఆమె చెల్లెలిది. నగరంలో ఒక పెద్ద చీరల కొట్టువాళ్లు మాఘం పెళ్లిళ్లకని మామిడిపిందెల అంచు చీరలు అడిగారు. తొమ్మిది మగ్గాలకీ ఆరు నెలల పని. అయితే అంచు రెండు వేళ్లు వెడల్పు చేసి ఇవ్వాలన్నారు. పుష్యం వెళ్లేలోగా ఇవ్వకపోతే మరమగ్గాల వాళ్ల దగ్గర నేయించుకుంటామని కూడా చెప్పారు. ఆ మాట నాంచారమ్మని నిద్రపోనివ్వడం లేదు.

ఆ మామిడిపిందెల అంచు నాంచారమ్మ అమ్మమ్మ పెళ్లిచీరది. ఒకప్పుడు భావనారాయణ సైకిలు మీద పట్టుకెళ్లిన చీరల్లో అదొకటి. గీసుకున్నాక చీర తిరిగిచ్చేస్తూ, ఇంక దీని గురించి దిగులుపడకండమ్మా, సమాఖ్యలో భద్రంగా ఉంటుందని తనే చెప్పాడు. ఆ ధైర్యంతోనే ఆ ఇంట్లో చీరని కత్తిరించి పురిటి పిల్లలకి పొత్తిళ్లు చేసుకున్నారు.

భావనారాయణ కంప్యూటర్‌లో అంచు తెరిచాడు. తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది గానీ, తెరుచుకోగానే నాంచారమ్మ మొహం విప్పారింది. పిందె పక్కన చిన్న ఆకు, ఆకు కింద మూడు చుక్కలు, అమ్మమ్మ చీరలో ఉన్నట్టే ఉన్నాయి. అంచు వెడల్పు చేయడమంటే లాగి సాగదీయడం కాదు. ప్రతి పిందెనీ కొత్త పోగులకి తగ్గట్టు మళ్లీ గీయాలి, చాలా రోజుల పని. నాంచారమ్మని మగ్గాల మీద పడుగు ఎక్కించుకోమని ధైర్యం చెప్పి పంపి, అతను గీయడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాచబోతే చోటు లేదని తెర మీద రాసింది. పెట్టె నిండిపోయింది. ఉడికే డిస్కూ, వేలాడే పెట్టే, ప్రహరీగోడా, సముద్రమూ కలిసి దాన్ని నింపేశాయి.

వేరే కంప్యూటర్లలో దాచుకోవడానికి లేదు, భద్రత పేరుతో వాటిలో ఆ వీలు ఎప్పుడో తీసేశారు. జేబులో వేసుకునే చిన్న డ్రైవు పెట్టుకోవడానికి లేదు, డిజైన్లు బయటికి పోకుండా కంప్యూటర్ల రంధ్రాలన్నిటికీ దక్షిణామూర్తి గారు నూలు బేళ్లకి వేసినట్టే లక్కతో సీళ్లు వేయించారు. కాగితం మీద గీసిస్తే సంఘాల్లో అట్టలు గుద్దే యంత్రం తీసుకోదు, దానికి పెట్టెలోంచి వచ్చిందే రుచి. అయిదు గంటలకి కరెంటు పొదుపు ఉత్తర్వు ప్రకారం మెయిన్ కట్టేస్తారు. పొద్దుట్నించీ గీసిన పిందెలు అయిదింటికి పోయేవి. మర్నాడు మళ్లీ మొదటి పిందె దగ్గర మొదలుపెట్టేవాడు. అలా ఎన్నాళ్లు గీశాడో అతనికే తెలియదు. చోటు కోసం అధ్యయన సంఘానికి అర్జీ పెడితే, పోలిక నడుస్తుండగా మధ్యలో ఏది కొన్నా ఫలితాన్ని ముందే తేల్చినట్టవుతుందని జవాబిచ్చారు.

నాంచారమ్మ రెండోసారి వచ్చినప్పుడు ఈ సంగతంతా కూర్చుని వింది. తర్వాత కంప్యూటర్ దగ్గరికి వంగి ఆ లక్కని చూసింది.

“ఇంతేనా అన్నయ్యా? గోరుతో గీరితే ఊడొచ్చేట్టుందే. ఊడగొట్టి, ఏదో ఒకదాంట్లో పోసుకోరాదూ?”

“అది సీలమ్మా,” అన్నాడు భావనారాయణ.

“మా పడుగులు ఎక్కించి కూర్చున్నాం. ఆసు పోసి పడుగు సిద్ధం చేసిన ఆడోళ్లు పొద్దునే వచ్చి, అట్టలు వచ్చినయ్యా అని నా మొహంలోకి చూస్తన్నారు.”

“సీలు తీస్తే మెమో ఇస్తారమ్మా. ఇంకో నెల ఓపిక పట్టు, ఇక్కడి సంఘం తేల్చేస్తుంది.”

ఆమె వెళ్లాక అతను ఆ లక్క మీద బొటనవేలు పెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత వేలు తీసేశాడు. పిరికివాణ్నని అతనికి తెలుసు. ఆ రోజు ఆ మాట మనసులో మరీ గట్టిగా వినపడింది.

సంఘం నిజంగానే తేల్చే దశకి వచ్చింది. దక్షిణామూర్తి గారు తుది నివేదిక తయారుచేశారు. బొమ్మలతో, పట్టికలతో, ఎం.డి. గారి ముందుమాటతో అది చాలా లావుగా వచ్చింది. నెట్‌వర్కులో పెడదామంటే చోటు లేదు. ఎం.డి. గారు కంగారుపడ్డారు, చోటు లేక చోటు గురించిన నివేదిక ఆగడమేమిటని అందరినీ కూకలేశారు. పెట్టెలో ఉన్నవాటినే పోల్చి చూసి, వాడుకలో లేనివాటిని తీసెయ్యమన్నారు. ఏడాదిగా ఎవరూ తెరవని ఫైళ్లు వాడుకలో లేనట్టే లెక్క. లెక్క తీస్తే సంఘం వీడియోలు రోజూ తెరుస్తున్నారు, ముఖ్యంగా ఎం.డి. గారు డేగిసాలో కర్ర తిప్పుతున్నది. అంచులూ కొంగులూ మాత్రం ఎవరైనా అడిగిన ఏడు తెరుస్తారు, లేని ఏడు లేదు. కొన్ని పదేళ్లుగా నిద్రపోతున్నాయి. నెమళ్లకి తొందరేముంది?

భావనారాయణ అభ్యంతరం రాశాడు. పై అధికారికి ఎదురు రాయడం జీవితంలో అదే మొదటిసారి. అభ్యంతరాన్ని స్వీకరించామనీ, అది కూడా నెట్‌వర్కులో నమోదు చేయాలనీ, చోటు లేనందున నమోదు కాలేదు గనుక పరిశీలించడం కుదరలేదనీ జవాబు వచ్చింది.

అప్పుడతనికి ఒక ఉపాయం తోచింది. ఉత్తర్వులో తెరవనివాటిని తీసెయ్యమన్నారు గదా. మర్నాడు తలుపు తీస్తూనే కూర్చుని ఒక్కొక్క డిజైనే తెరవడం మొదలుపెట్టాడు. గవ్వల అంచు తెరిచాడు, మూశాడు. గుర్రపుడెక్క తెరిచాడు, మూశాడు. పెట్టె పటపట పళ్లు కొరికింది, అయినా ఆగలేదు, పాపం. అన్నం కూడా తినకుండా అన్నిటినీ ఒకసారి మేలుకొలిపాడు. ఎన్నో ఏళ్లుగా చూడని అంచులు కళ్లముందు వరసగా నడుస్తుంటే, తాను చేసిన పనేమిటో అతనికి మొదటిసారి పూర్తిగా తెలిసొచ్చింది. ఇంటికెళ్లేటప్పుడు అతని నడక హుషారుగా ఉంది.

రెండో రోజుకే సవరణ వచ్చింది. ఆర్డరు నంబరు లేకుండా తెరిచినది తెరిచినట్టు కాదు. సంఘాలు ఎప్పుడూ నోటిమాటగానే అడిగేవి, నంబర్లు లేవు. అనవసరంగా తెరవడం వల్ల సంఘం వీడియోలు ఆగి ఆగి ఆడుతున్నాయని ఎం.డి. గారు బాధపడ్డారు. మరి మామిడిపిందెలకి ఆర్డరు ఉంది గదా అని భావనారాయణ పరుగెత్తాడు. దక్షిణామూర్తి గారు కాగితాలు తిరగేశారు. కొట్టువాళ్లు అడిగింది వెడల్పు చేసిన అంచు. అది పెట్టెలో ఎక్కడా లేదు. పెట్టెలో ఉన్నదాన్ని ఎవరూ అడగలేదు. ఆయన మాటలో ఒక్క అబద్ధం లేదు, భావనారాయణ ఎంత వెతికినా దొరకలేదు.

తీసెయ్యాల్సింది డిజైన్ల విభాగమే కాబట్టి, ఆ పని అతనికే పడింది. రాతపూర్వకంగా ఉత్తర్వు కావాలని అడిగాడు. అలా అడిగితే కొన్నాళ్లు జాప్యమవుతుందనుకున్నాడు. టీ తెమలడానికి రెండు నెలలు పట్టిన ఆఫీసులో ఈ ఉత్తర్వు పావుగంటలో వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అన్నిటినీ ఎంచుకున్నాక, నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. ఈ వ్యవహారం మొత్తంలో ఆ మాట అడిగింది అదొక్కటే. భావనారాయణకి ఏడుపొచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అవునని నొక్కాడు.

తుది నివేదిక హాయిగా పట్టింది. ఇంకా బోలెడు చోటు మిగిలింది.

చివరి సమావేశంలో మార్కులు కూడితే డిస్కుకి ఉతుకులోనూ, పెట్టెకి ఎండలోనూ, క్లౌడుకి రాపిడిలోనూ మంచి మార్కులు వచ్చి, చిన్న చిన్న సర్దుబాట్లతో మూడూ సమానంగా తేలాయి. ఎవరికివ్వాలో తోచక కాసేపు అందరూ పైకప్పు వంక చూశారు. దక్షిణామూర్తి గారు ఫారంలో ఆఖరి గడి చదివారు. అందులో సమాఖ్య నిల్వ చేయవలసిన సరుకు ఎంత అని ఉంది. ఇక్కడ సరుకంటే సమాచారమే. భావనారాయణని అడిగారు. ఈసారి నిజంగానే అడిగారు.

“సంఘం నివేదిక ఉందండి. వీడియోలు ఉన్నాయండి. ఇంకేం లేవండి,” అన్నాడతను.

అంత కొద్దిపాటి అవసరానికి మూడింటిలో ఏదైనా సరిపోతుందని తేలింది. సరిపోయేవాటి మధ్య పక్షపాతం చూపడం న్యాయం కాదు గనుక మూడూ తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పాత పెట్టెలో మిగిలినది మూడు చోట్లకీ చేర్చాక, దాన్ని గౌరవంగా పాత సామాన్ల గదిలోకి పంపించారు. ఇన్నాళ్లూ ఆగుతానని భయపెట్టిన డిస్కు, చివరి ఫైలు దాటేదాకా ఆగలేదు.

ప్రారంభోత్సవం ఆషాఢం ఆఖర్లో జరిగింది. నేత కార్మికుల చేత దీపం వెలిగిస్తే బాగుంటుందని ఎం.డి. గారు అనడంతో నాంచారమ్మకి కబురు పెట్టారు. అట్టలు ఇవ్వడానికే పిలిచారనుకుని ఆమె చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. దీపం వెలిగించింది, చప్పట్లు కొట్టారు. ఇప్పుడు సమాఖ్యలో సమాచారం మూడు చోట్ల మూడు ప్రతులుగా ఉంటుందనీ, ఒకటి కాలిపోయినా, ఒకటి మునిగిపోయినా మూడోది ఉంటుందనీ ఎం.డి. గారు చక్కగా వివరించారు. అంతా విని ఆమె భావనారాయణ దగ్గరికి వచ్చి, మామిడిపిందెలు ఏ చోట పెట్టారని అడిగింది. అతను తల వంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆమె అర్థం కానట్టు చూసింది. ఎం.డి. గారు పక్కనుంచి విని, దిగులుపడవద్దనీ, ఆ పాత చీర మళ్లీ తెస్తే ఈసారి మూడు చోట్లా ఎక్కిస్తామనీ మాటిచ్చారు. చీర లేదని ఆమె చెప్పింది.

“తీసెయ్యమన్నోళ్లకి అదేందో తెలవదు, అన్నయ్యా,” అంది నాంచారమ్మ. “నీకు తెలుసు గదా.”

భావనారాయణ మెమో గురించి చెప్పబోయాడు. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని, పదక్కా, బస్సు పోద్ది అంది. ఆ సంవత్సరం ఆ తొమ్మిది మగ్గాల మీదా సాదా అంచు పంచెలు నేశారు. పెళ్లిచీరలు మరమగ్గాల వాళ్లు నేశారు, ఏవో పూలు వేసి.

అతను ఇంట్లో కూర్చుని మామిడిపిందె గీయడానికి ప్రయత్నించాడు. పిందె వచ్చింది. ఆకు పైకి చూసేదో కిందికి చూసేదో తేలలేదు. రెండు రకాలుగా గీసి చూస్తే రెండూ నిజమైనవిలాగే కనపడ్డాయి.

సంవత్సరం చివర్లో వార్షిక నివేదిక సంతకాలకి వచ్చింది. డిజైన్ల విభాగం పేజీ దక్షిణామూర్తి గారే స్వయంగా తెచ్చిచ్చారు. నూతన నిల్వ సాధనాలు నెలకొల్పిన నాటి నుండి సమాఖ్య నెట్‌వర్కులో ఒక్క ఫైలు కూడా నష్టపోలేదని విభాగాధిపతి ధ్రువీకరించాలి. భావనారాయణ దాన్ని రెండుసార్లు చదివాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. సంతకం పెట్టాడు.

దక్షిణామూర్తి గారు సిరా ఆరేలా ఊది, కాగితాన్ని జాగ్రత్తగా పట్టుకున్నారు. దీన్ని కూడా మూడు చోట్లా పెట్టించమంటారా అని అడిగారు.

“పెట్టించండి,” అన్నాడు భావనారాయణ. “చోటుకేం, బోలెడుంది.”